పెళ్ళి సెట్టు మీద లడ్డూ

స్టూడియోలో పనిచేశానని చెబితే చాలు, మా ఇంట్లో పిల్లలు చుట్టూ చేరిపోతారు. ఎవరెవరిని చూశావు తాతయ్యా, ఎవరితో మాట్లాడావు అని ప్రాణం తీస్తారు. నాకు మాత్రం స్టూడియో అనగానే ముందు సాంబారు వాసన జ్ఞాపకం వస్తుంది. ఏం చెయ్యను చెప్పండి!

1967లో నేను మదరాసు వడపళనిలోని వాహినీ స్టూడియోలో అడుగుపెట్టాను. 1948లో మూలా నారాయణస్వామిగారూ, బి.ఎన్. రెడ్డిగారూ నెలకొల్పిన స్టూడియో అది. తరువాత నాగిరెడ్డి, చక్రపాణిగార్ల హయాంలో విజయా-వాహినీ అయింది. అక్కడ ఫ్లోరు అద్దెకు తీసుకున్న ఒక చిన్న కంపెనీలో నేను ఆఖరి అసిస్టెంటుని. నాకంటే చిన్నవాడు ఆ ఫ్లోరులో ఎవడూ లేడు.

పదేళ్ళ కిందట, 1957లో వచ్చిన ‘మాయాబజార్’ అక్కడ తీసిందే. గోఖలే, కళాధర్‌గార్ల సెట్లు, మార్కస్ బార్‌ట్లేగారి కెమెరా. ఘటోత్కచుడు రంగారావుగారి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరిపోతుంటే, మా ఊరి టూరింగు టాకీసులో నేలమీద కూచుని గుటకలు మింగినవాణ్ణి. ఆ విందు ఏ ఫ్లోరులో జరిగిందో అని రెండు రోజులు వెతికాను సుమండీ!

మా విందు సంగతి వేరు. ఒంటిగంటకు షెడ్డులో వరసగా విస్తళ్ళు పడేవి. కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకున్న దేవేంద్రుడూ, కోరలు ఊడదీసిన రాక్షసుడూ పక్కపక్కనే కూచుని అప్పడం కోసం తగాదా పడేవారు. హీరోలకు ఇళ్ళనుంచి క్యారియర్లు వచ్చేవి. ఎక్‌స్ట్రాలది చివరి పంక్తి. అక్కడికి వచ్చేసరికి పాయసం గిన్నె అడుగంటేది.

ఒకరోజు పెళ్ళి సీను. షాటుకీ షాటుకీ మధ్య వస్తువులు మారకుండా చూడటం నా పని. పళ్ళెంలో 11 లడ్డూలని పుస్తకంలో రాసుకున్నాను. లైట్లు మార్చి మళ్ళీ చూసేసరికి 10 ఉన్నాయి! డైరెక్టరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. సైకిలుమీద మనిషిని మిఠాయి కొట్టుకు పంపారు. అరగంట పని ఆగిపోయింది.

‘‘ఎవరోయ్ తిన్నది?’’ అన్నాడు మేనేజరు నాతో.

నాకు తెలుసు. పెళ్ళివారిలో నుంచున్న ఒక ఎక్‌స్ట్రా ఆవిడ తన పిల్లవాణ్ణి వెంట తెచ్చుకుంది. స్తంభం చాటున వాడి మూతికి బూంది అంటుకుని ఉంది. నా ఉద్యోగం పోతుందేమోనని భయం వేసింది. నోటితో ఏమీ అనలేదు. వేలు చూపించాను.

ఆవిడకు ఆనాటి కూలి లేదు పొమ్మన్నారు. కంపెనీవారి జరీ చీర విప్పి ఇచ్చేసి, తన పాత చీర కట్టుకుని, పిల్లవాడి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోతూ నా దగ్గర ఆగింది.

‘‘పొద్దుటినుంచీ వాడేం తినలేదు బాబూ,’’ అంది. కోపంగా కాదు. పద్దు చెప్పినట్టు చెప్పింది.

అప్పుడే భోజనాల పిలుపు వచ్చింది. వెళ్ళి తిన్నాను. అబద్ధమెందుకు, ఆకలేసింది, తిన్నాను. పాయసం కూడా వేయించుకున్నాను. ఆ తరువాత ఎన్నో రోజులు ఎక్‌స్ట్రాల వరసలో ఆవిడకోసం వెతికాను. మళ్ళీ రాలేదు.

1972లో నాగిరెడ్డిగారు వడపళనిలో విజయా ఆసుపత్రి పెట్టారు. కాలక్రమాన ఫ్లోర్లు పోయాయి. 2013లో స్టూడియో స్థలంలో పెద్ద మాల్ తెరిచారు. మాయాబజారు తీసినచోట నిజం బజారే వెలిసిందన్నమాట! మనవడు తీసుకెళ్ళి చూపించాడు. మా షెడ్డు ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను.

ఇప్పుడు ఏ పెళ్ళికి వెళ్ళినా, పెద్దలకంటే ముందు పిల్లల పంక్తి వెయ్యమని పోట్లాడతాను. మా ఇంటావిడ ‘‘మీకీ చాదస్తం ఏమిటండీ’’ అని విసుక్కుంటుంది.

విసుక్కోనివ్వండి.