ఎర్రచందనానికి యూరియా: లావు ఒక్కటే కొలమానమా?

కడప, కర్నూలు జిల్లాల మెట్ట భూములలో ఎర్రచందనం నాటిన రైతు కాండం త్వరగా లావెక్కాలని యూరియా వైపు చూడడం సహజం. అయితే ఈ చెట్టు విలువ లావులో లేదు. శాంటాలిన్ నిండిన చేవలో ఉంది. లంకమల, పాలకొండల రాతి నేలల్లో అది దశాబ్దాలపాటు నిదానంగా చేవదేరుతుంది.

పాప్లార్ చెట్లపై జరిగిన ప్రయోగాలలో నత్రజని హెచ్చినపుడు ఎదుగుదల పెరిగింది. కాని కణకవచాన్ని నిర్మించే ఎంజైముల జన్యువుల వ్యక్తీకరణ మారి, కలపలో లిగ్నిన్ తగ్గింది. చిక్కుడు కుటుంబానికి చెందిన ఎర్రచందనానికి ఈ ఫలితాన్ని యథాతథంగా అన్వయించలేము. అయినా దీనిని హెచ్చరికగా స్వీకరించాలి. నత్రజని మోతాదు సిఫారసు చేసే ముందు ప్రయోగ క్షేత్రాలలో చుట్టుకొలతతోపాటు కలప సాంద్రతను, చేవ శాతాన్ని కూడా కొలవాలి. వేరుశనగలో జరిగిన పొరపాటును మరుసటి ఏడు దిద్దుకోవచ్చు. చెట్టులో జరిగినది తెలిసేసరికి ఒక తరం గడిచిపోతుంది.