చూసినందుకు డబ్బులా?

ఫిల్మ్‌నగర్‌లో కారు గ్లాస్ దిగడం ఒక్కోసారి చిన్న ఈవెంట్. లోపల హీరో ఉంటే బయట యాభై ఫోన్లు ఒకేసారి పైకి లేస్తాయి. నేను రాస్తున్నది మాత్రం దిగని గ్లాస్ గురించి. స్విచ్ నొక్కితే కదలదు. ఇంకోసారి గట్టిగా నొక్కుతాం, గట్టిగా నొక్కితే కరెంట్ ఎక్కువ వెళ్తుందన్నట్టు. తర్వాత షెడ్‌కి తీసుకెళ్తాం. డోర్ ప్యాడ్ విప్పకముందే తీర్పు వచ్చేస్తుంది: "మోటార్ పోయింది సార్, మార్చాలి."

ఆ తీర్పుకి మెకానిక్‌ని తిట్టడం ఈజీ. కానీ తప్పు ఎక్కువగా మనది, అంటే డబ్బులిచ్చేవాళ్ళది అంటాను నేను. పార్టుకి డబ్బులిస్తాం, బిగించినందుకు ఇస్తాం. లోపం ఎక్కడుందో కనిపెట్టినందుకు మాత్రం ఇవ్వం. "జస్ట్ చూసినందుకు డబ్బులా?" అంటాం. చూస్తే ఏమీ రాదు, మారిస్తే వస్తుంది అన్నప్పుడు ఎవరైనా ఏం చేస్తారు?

మా బాబాయి కారు షూటింగ్‌లకి అద్దెకి తిరుగుతుంది. పొద్దున్నే కృష్ణానగర్‌లో ఆర్టిస్టుల్ని ఎక్కించుకుని ఒకరోజు రామానాయుడు స్టూడియో, ఇంకోరోజు ఊరి బయట ఏదో లొకేషన్. మొన్న వానల్లో ఎడమవైపు ముందు గ్లాస్ సగంలో ఆగిపోయింది. సీటు తడిసే కారుని మర్నాడు ఎవరూ పిలవరు, ఆ రోజు అద్దె పోయినట్టే. ఒక షెడ్‌లో మోటార్, రెగ్యులేటర్ కలిపి 8,500 అన్నారు. పార్టు రావడానికే రెండు రోజులట. యూసుఫ్‌గూడ వైపు సందులో ఇంకో మెకానిక్ ఉన్నాడు. ఆయన స్విచ్ నొక్కిపట్టి, డోర్‌ని మెల్లగా తెరుస్తూ మూస్తూ చూశాడు. ఒక యాంగిల్‌లో గ్లాస్ జర్క్ ఇచ్చి కదిలింది. అంతే, ఆయనకి అర్థమైపోయింది. డోర్‌కీ బాడీకీ మధ్య నల్లటి రబ్బరు గొట్టం ఉంటుంది, వైర్లన్నీ దాంట్లోంచే వెళ్తాయి. డోర్ తీసిన ప్రతిసారీ అవి వంగుతాయి. కొన్నేళ్ళకి ఏదో ఒకటి లోపల తెగుతుంది, పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. తెగినచోట కొత్త ముక్క కలిపి, సోల్డర్ చేసి, స్లీవ్ వేశాడు. 300 తీసుకున్నాడు. నా లెక్కలో ఆయనకి రావాల్సింది అంతకంటే చాలా ఎక్కువ.

మన సీఎస్ఈ వాళ్ళకి ఇది కొత్త కాకూడదు. ఎర్రర్ వచ్చిందని ఎవరూ ల్యాప్‌టాప్ మార్చరు కదా. పవర్ విండోలో ఉన్నది నిజానికి తక్కువే: ఫ్యూజ్, స్విచ్, వైర్లు, 12 వోల్టుల డీసీ మోటార్, గ్లాస్‌ని ఎత్తే రెగ్యులేటర్, గ్లాస్ జారే రబ్బరు బీడింగ్. ముందు అడగాల్సింది, ఆగింది ఒక్క గ్లాసా, అన్నీనా? అన్నీ అయితే ఫ్యూజో, డ్రైవర్ దగ్గరి మెయిన్ స్విచ్చో చూడాలి. (డ్రైవర్ గ్లాస్ ఒక్కటే పనిచేస్తుంటే ముందు విండో లాక్ బటన్ చూడండి, ఎవరో తెలియక నొక్కేసి ఉంటారు.) డ్రైవర్ స్విచ్‌తో దిగే గ్లాస్ ఆ డోర్ స్విచ్‌తో దిగకపోతే ఆ చిన్న స్విచ్‌నే అనుమానించాలి. మోటార్ తిరిగే సౌండ్ వస్తూ గ్లాస్ కదలకపోతే రెగ్యులేటర్ కేబుల్ తెగి ఉంటుంది, లేదా గ్లాస్‌ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్ విరిగి ఉంటుంది. మూలుగుతూ మెల్లగా ఎక్కితే చాలాసార్లు బీడింగ్‌లో దుమ్మే. తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టి చూడండి.

అసలు సౌండే లేదా? మోటార్ కనెక్టర్ పీకి, రెండు పిన్నుల మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టి, స్విచ్ పైకీ కిందికీ నొక్కాలి. ప్లస్, మైనస్ తారుమారు చేస్తేనే మోటార్ అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి ల్యాంప్ రెండుసార్లూ వెలగాలి. వెలిగితే కరెంట్ అక్కడిదాకా వస్తోంది. "మోటార్ పోయింది" అనే హక్కు అప్పుడు వస్తుంది, అంతకుముందు కాదు. (డోర్ లోపల చెయ్యి పెట్టేముందు గ్లాస్‌ని పైన టేపుతో గట్టిగా అంటించండి. జారి పడితే వేళ్ళు నలిగిపోతాయి.)

కొన్ని కొత్త కార్లలో మోటార్‌కే చిన్న కంట్రోల్ యూనిట్ అతికి ఉంటుంది. వాటికి ల్యాంప్ చాలదు, స్కానర్ కావాలి, వైరింగ్ డయాగ్రమ్ కావాలి. ఇలాంటివి బయటి మెకానిక్‌లకి దొరకనివ్వట్లేదన్న కేసులోనే 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి మొత్తం 2,544.65 కోట్ల రూపాయల ఫైన్ వేసింది. విడిభాగాలు, డయాగ్నస్టిక్ టూల్స్ బయట కూడా దొరికేలా చేయమంది. కంపెనీలు కోర్టులకెళ్ళాయి, అది వేరే కథ. 2022 డిసెంబర్ 24న కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా పెట్టింది. మంచిదే. కానీ స్కానర్ మార్కెట్లో దొరికినా, దాన్ని కొనే డబ్బు యూసుఫ్‌గూడ సందులో ఉన్నాయనకి ఎక్కడ్నుంచి వస్తుంది, చూసినందుకు మనం పైసా ఇవ్వకపోతే?

డాక్టర్ "ఏమీ లేదు, వెళ్ళండి" అన్నా ఫీజు కట్టి, ఇంకా సంతోషంగా ఇంటికొస్తాం. సీన్ ఎక్కడ సాగుతోందో చూసి కత్తిరించినందుకే ఎడిటర్‌కి డబ్బులిచ్చే ఏరియా ఇది. అదే ఏరియాలో ఒక షెడ్ ముందు "చెకింగ్ చార్జ్ 200" అని బోర్డు పెడితే మాత్రం దోపిడీ అంటాం.

"చెకింగ్ డబ్బులు తీసుకుని కూడా మోటారే పోయిందంటే?" అని నా రూమ్‌మేట్ డౌట్. కొందరు అంటారు, నిజమే. అందుకే ల్యాంప్ వెలగడం చూపించమని అడగాలి. చూపించగలిగితే 200 ఏంటి, 500 ఇవ్వొచ్చు. బాబాయి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోరు. "ఆయన 300 అడిగాడు, నేను 300 ఇచ్చాను, మధ్యలో నీ గొడవేంట్రా" అంటారు.