వేగుచుక్కపై విచారణ

లడాఖు సరిహద్దున మన సైన్యము ఆరు నెలలపాటు గురు శుక్రులకు కావలి కాచినదన్న వార్త 2013లో వెలువడగా, విన్నవారిలో నవ్వినవారే అధికము. ఆ నవ్వు న్యాయమైనది కాదు.

2012 ఆగస్టు చివర నుండి 2013 ఫిబ్రవరి వరకు పాంగాంగ్ సరస్సు ప్రాంతమున సైనికులు గుర్తు తెలియని వెలుగులను 329 మార్లు చూచి నమోదు చేసిరి. వానిలో 155 మార్లు ఆ వెలుగు వాస్తవాధీన రేఖను దాటి ఇటు వచ్చినదని వారి లెక్క. చీనావారు పంపిన, మనిషి లేని వేగు విమానములేమోయని అనుమానము. రాడారు తెచ్చి నిలిపిరి, దానికేమియు చిక్కలేదు. తుదకు బెంగుళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థను ఆశ్రయించిరి. ఒకటి గురుడు, రెండవది శుక్రుడు అని శాస్త్రజ్ఞులు తేల్చిరి. (ఆ సంస్థకు మూలపురుషుడైన వేణు బప్పు, హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసినవారి కుమారుడే.)

ఆ ఏడు ఆకాశమున జరిగినది స్పష్టము. 2012 డిసెంబరు 3న గురుడు సూర్యునికి సరిగా ఎదుట నిలిచెను. అనగా సంధ్యవేళ ఉదయించి రాత్రియంతయు వెలుగును. శుక్రుడు ఆ శరత్కాలమంతయు తెల్లవారకముందే లేచుచుండెను. పదునాలుగు వేల అడుగుల ఎత్తున గాలి పలుచన, తేమ తక్కువ, వెలుగు మిక్కుటము. పైగా అచ్చట చీనా తూర్పున ఉన్నది. తూర్పున ఉదయించు ప్రతి చుక్కయు చీనా నుండియే రావలెను గదా! భూభ్రమణము వలన అది మెల్లగా పడమటికి జరుగును. రేఖ దాటినట్లే కనబడును. నేడు లేచిన వేళకంటె రేపు సుమారు నాలుగు నిమిషముల ముందు లేచు వెలుగు విమానము కాదు. చేతి గడియారముతో, వారము దినముల ఓపికతో తేలవలసిన సంగతి ఇది.

అయినను నవ్వరాదనుటకు కారణమున్నది. 2013 ఏప్రిల్, మే మాసములలో అదే లడాఖులో, దెప్సాంగ్ మైదానమున, ఇరు సేనలు మూడు వారములు ఎదురెదురుగా గుడారములు వేసికొని నిలిచినవి. అట్టి చోట 155 చొరబాట్లన్నది కేవలము అంకె కాదు. ఒక తుపాకి పేలుటకు చాలిన నెపము. తమకు తెలియనిదానిని శత్రువని ప్రకటింపక, తెలిసినవారిని అడిగిన సైన్యము మెచ్చదగినది. అడుగుటలో జరిగిన ఆలస్యమే మెచ్చరానిది.

తెలుగింట ఈ రెండు గ్రహములను ఎరుగనివారెవరు? శుక్రమూఢమి, గురుమూఢమి వచ్చినదన్న పెండ్లిండ్లు ఆగిపోవును. మూఢమియనగా ఆ గ్రహము సూర్యునికి దాపై కంటికి కనరాని కాలము. కనబడని దినములను ఇంత శ్రద్ధగా లెక్కించు జనులు, కనబడు దినములలో తల యెత్తి చూడకపోవుట వింత. కొత్తచెరువు వైపున వేరుసెనగ చేలకు రాత్రి కావలి పండుకొనిన పెద్దలకు వేగుచుక్కయే గడియారము. వారి మనుమలకు సెల్‌ఫోను వేళ చెప్పుచున్నది. చుక్కతో పని లేదు. ఆ మనుమలలో ఒకడు రేపు సైన్యమున చేరి మంచుకొండపై కాపు కాయవచ్చును.

అమెరికా వాయుసేన 1952 నుండి 1969 వరకు ‘బ్లూ బుక్’ పేర 12,618 కథనములు విచారించి, 701 తేలలేదని ముగించినది. సైన్యము అడుగు మొదటి ప్రశ్న ‘ఎవరిది?’ అనునది, ‘ఏమిటి?’ అనునది తరువాత వచ్చును. అది దాని ధర్మము, తప్పు కాదు. కాని ఆ రెండవ ప్రశ్నను మొదటనే అడుగువారు వేరుగా ఉండవలెను. ఫ్రాన్సు 1977లోనే ఈ పనిని తన అంతరిక్ష సంస్థకు ఒప్పగించినది. ఆ దస్త్రములను ఇపుడు ఎవరైనను చదువవచ్చును.

మనవారును ఆ 329 నమోదులను, స్థావరముల పేర్లు తీసివేసియైనను, తేదీ, వేళ, దిక్కులతో ప్రకటించుట మేలు. కొత్తచెరువు బడిపిల్లలు సైతము ఆ యేటి పంచాంగము ప్రక్కన పెట్టుకొని వానిని సరిచూడగలరు.