మెషిన్ చచ్చింది... మోటారు బతికే ఉంది!

'పాత ఇనప సామాన్లు, పాడైపోయిన కూలర్లు, వాషింగ్ మెషిన్లు కొంటాం...' మైకు పెట్టుకుని వీధిలో తిరిగే బండి మొన్నామధ్య మా గుమ్మం ముందు ఆగింది. మా సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్ టబ్బు పగిలి ఆర్నెల్లైంది. బేరం నాలుగొందల దగ్గర తెగింది. 'ఇచ్చేయరా, పీడా పోతుంది' అంది అమ్మ. నేను మాత్రం 'బట్టలు ఉతికే మోటారు ఒక్కటి ఉంచేసి మిగతాది తీసుకెళ్లన్నా' అన్నా. అంతే, రేటు టక్కున నూటయాభైకి పడిపోయింది. అసలు విలువంతా ఎక్కడుందో నాకప్పుడు అర్థమైంది!

సరే, మోటారు మిగిలింది. దాంతో ఏం చేద్దాం? నాకు వెంటనే గుర్తొచ్చింది మా వీధికొచ్చే సాన తాత. సైకిల్‌కి స్టాండేసి, సీటు మీద కూర్చుని తొక్కుతుంటే ముందు రాయి తిరుగుతుంది. మా వీధి కత్తిపీటలన్నీ ఆయన చేతిలో పదునెక్కినవే. ఈమధ్య రావడం తగ్గించాడు. అడిగితే మోకాళ్లు చూపించాడు.

నిజానికి మొదట నా కన్ను అటక మీదున్న పాత మిక్సీ మోటారు మీద పడింది. చిన్నది, తేలిక. కానీ లోడు లేకపోతే అది నిమిషానికి దాదాపు 20 వేల చుట్లు తిరుగుతుంది. నేను కొన్న 6 అంగుళాల సానరాయి మీద గరిష్ఠ వేగం 4 వేలకు అటూఇటూగా రాసి ఉంది. ఆ లెక్క చూసుకోకుండా బిగిస్తే రాయి ముక్కలై మొహం మీదకు వచ్చేది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

వాషింగ్ మెషిన్ మోటారు అలా కాదు. అది 4 పోల్ ఇండక్షన్ మోటారు. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద 1500 దాటదు, నిజానికి 1400 దగ్గర్లో తిరుగుతుంది. బయటికి మూడు వైర్లుంటాయి. మల్టీమీటర్ పెట్టి రెండేసి చొప్పున కొలిచా. 22, 22, 44 ఓమ్స్ వచ్చాయి. ఎక్కువ చూపించిన రెండు వైర్ల మధ్య కెపాసిటర్, మిగిలిన మూడోది కామన్. కరెంటు కెపాసిటర్‌కి ఏ పక్కన ఇస్తామన్నదాన్ని బట్టి మోటారు తిరిగే దిక్కు మారుతుంది. బట్టలు అటూ ఇటూ తిరగడం వెనకున్న రహస్యం ఇదే!

రెండు జాగ్రత్తలు మాత్రం మరిచిపోవద్దు. మెషిన్‌లో మోటారు ప్లాస్టిక్ బాడీ మీద ఉంటుంది. మనం ఇనప స్టాండుకి బిగిస్తాం కాబట్టి ఎర్త్ తప్పనిసరి. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్‌లో చార్జి నిలిచి ఉండొచ్చు, ముట్టుకోవద్దు. నేనైతే ఎలక్ట్రీషియన్‌కి చూపించాకే స్విచ్ వేశా.

బేరింగుల మీద ఒక షాఫ్టు, దానికి రాయి, చుట్టూ రేకు కవరు, మోటారు నుంచి బెల్టు. స్విచ్ వేస్తే రయ్‌మని తిరిగింది. గర్వంగా అమ్మ కూరగాయల కత్తి పెట్టా. అంచు నీలంగా మారిపోయింది!

తాతని పిలుచుకొచ్చా. కత్తిని వెలుతురుకి పట్టి చూసి, 'నీలం తిరిగిందంటే ఉక్కు చచ్చినట్టే బాబూ. వేడికి బలం పోతుంది. రాయికి ఆనించాలి గానీ నొక్కకూడదు. ఇంత జోరెందుకు?' అన్నాడు. కాసేపు మోటారు వంకే చూసి, 'ఇంతకీ ఇది వస్తే నాకింక పనుంటుందా?' అని అడిగాడు.

నాకు నోట మాట రాలేదు. ఆయన కోసమే చేశానని అప్పటిదాకా నేను ఆయనతో చెప్పనే లేదు.

రాయి వైపు రెండింతల పుల్లీ వేశా. వేగం 700కి దిగింది, బలం పెరిగింది. పక్కన నీళ్ల డబ్బా పెట్టాం. ఇప్పుడా స్టాండు తాత వాళ్ల అరుగు మీద ఉంది. ఉతికే మోటారు ఆగకుండా గంటలు తిరగడానికి చేసింది కాదు కాబట్టి, పదినిమిషాలు నడిపి కాసేపు ఆపుతాడు. ఆ గ్యాప్‌లో బీడీ. మోటారు మీద చెయ్యిపెట్టి 'వేడెక్కింది, ఆగు' అని దానికే చెబుతుంటాడు.

మొన్న మా కత్తిపీట తీసుకెళ్తే డబ్బులు తీసుకోలేదు. నీలం తిరిగిన కత్తిని కూడా చెడిన అంచు మెల్లగా అరగదీసి బాగుచేశాడు. నేను పక్కనే నిలబడి చూశా. అదే మోటారు, అదే రాయి... నా చేతిలో మాత్రం ఇంకా అలా రావట్లేదు.

ఈసారి మీ వీధిలో మైకు వినిపిస్తే, బేరం ఆడేముందు ఒక్కసారి మోటారు మీదున్న ప్లేటు చదవండి. దాని వేగమెంతో తెలిస్తే ఏ పనికి పెట్టాలో, ఏ పనికి పెట్టకూడదో కూడా తెలుస్తుంది.