తూకం నలుగురి ఎదుటే జరగాలి

అనకాపల్లి మార్కెట్‌లో బెల్లం దిమ్మల తూకం నలుగురి ఎదుట జరుగుతుంది. రైతుకూ, వర్తకుడికీ మధ్య నమ్మకం నిలబడేది అక్కడే. మరి దానధర్మాల కోసం మనం వసూలు చేసే సొమ్ముకు ఆ తూకం, ఆ లెక్క ఉండనవసరం లేదా?

రంజాన్ వచ్చిందంటే గుమ్మం ముందు చాచిన ప్రతి చేతిలో పదో పరకో పెడతాం. పండుగ దాటిన నెలకే అదే వీధిలో ఒక వితంతువు ఇంటి అద్దెకు, ఒక అమ్మాయి కాలేజీ ఫీజుకు అప్పు కోసం తిరుగుతుంటారు. మనం ఇచ్చాం. కానీ ఇచ్చింది చెల్లాచెదురైపోయింది.

చెదిరిన సొమ్మును ఒకచోట చేర్చవచ్చని చూపినవారు మన రాష్ట్రాల్లోనే ఉన్నారు. ఘియాసుద్దీన్ బాబూఖాన్ సారథ్యంలో 1992లో హైదరాబాద్ జకాత్ అండ్ చారిటబుల్ ట్రస్టు ఏర్పడింది. విడివిడిగా పంచే జకాత్‌ను కూడగట్టి పేదపిల్లల చదువులకు మళ్లించింది. అదే నగరంలోని సఫా బైతుల్‌మాల్ మరో దారి తొక్కింది. ఇళ్లలో మూలపడ్డ పాత సామాను సేకరించి, అమ్మి, ఆ సొమ్మును పేదలకు వినియోగించింది. ఇవ్వడానికి డబ్బు లేని ఇల్లు ఉండవచ్చు, పాత కాగితాలు, పగిలిన బకెట్టు లేని ఇల్లు ఉంటుందా?

చిన్న మొత్తమని సిగ్గుపడవలసిన పని లేదు. తబూక్ యుద్ధ సన్నాహాల్లో అబూ అఖీల్ (రజి) రాత్రంతా నీళ్లు తోడి సంపాదించిన కూలి ఖర్జూరాల్లో సగం తెచ్చి ఇచ్చారు. ఎగతాళి చేసినవారిని దివ్య ఖుర్ఆన్ తౌబా సూరాలో మందలించింది.

లెక్క చూడండి. నూరు కుటుంబాలు రోజుకు అయిదేసి రూపాయలు డబ్బాలో వేస్తే నెలకు 15,000, ఏడాదికి 1,80,000 రూపాయలు. ఏటా నూటికి రెండున్నర చొప్పున తీసే జకాత్ దీనికి అదనం. అయితే జకాత్ పద్దు వేరుగా ఉండాలి. అది ఖుర్ఆన్ నిర్ణయించిన ఎనిమిది వర్గాలకే చెందుతుంది. సాధారణ సదఖా నిధి మాత్రం మతభేదం లేకుండా పొరుగువారందరికీ అందవచ్చు.

వసూలు చేసేవారు ఇద్దరికి తక్కువ కాకూడదు. ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వాలి. నెలనెలా జమాఖర్చులు మసీదు గోడకు అంటించాలి. పుచ్చుకున్నవారి పేర్లు మాత్రం ఆ గోడ ఎక్కరాదు. సొమ్ము లెక్క బహిరంగం, పేదవాడి పరువు రహస్యం.

సోదర సోదరీమణులారా! ఈ జుమా నమాజు తరువాత మీ మొహల్లాలో నలుగురు కూర్చోండి. ఒక డబ్బా, ఒక పుస్తకం, ఇద్దరు నమ్మకస్తులు చాలు. వచ్చే రంజాన్ నాటికి ఆ అమ్మాయి ఫీజు కోసం ఎవరి గుమ్మమూ తొక్కదు, ఇన్‌షా అల్లాహ్.