రన్ కొట్టేముందు రెండు చుట్లు

మొన్న సెలవుల్లో బుచ్చిరెడ్డిపాలెంలో మా మామ షెడ్డులో కారు ఇంజిన్ బిగించాం. టైమింగ్ బెల్టు ఎక్కించి, మార్కులు కలిపి, నేను తాళం తిప్పబోయా. "ఏందల్లుడా తొందర? ముందు స్పానరుతో రెండు చుట్లు తిప్పు" అన్నాడు మామ.

క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. అప్పుడు మార్కులు మళ్లీ కలవాలి. కలవలేదు, రెండు పళ్లు తేడా! చేత్తో తిప్పేటప్పుడు వాల్వు పిస్టన్‌కి తగిలితే చెయ్యి ఆగుతుంది. స్టార్టర్ ఆగదు, వాల్వులు వంగిపోతాయి.

ల్యాబులో మనం ముందు రన్ కొట్టి, తర్వాత ఆలోచిస్తాం. ఎర్రర్ వస్తే పోయేదేం లేదుగా! అందుకే, ఫస్టియర్‌లోనే మనల్ని ఒక్కరోజు షెడ్డుకి పంపాలంటాను. మా మామ రమ్మంటాడు, గ్రీజు అంటిందని ఏడవకపోతే చాలు.