వాగులో పంపులు కడగొద్దు

కిన్నెరసాని, ముర్రేడు, తాలిపేరు ఒడ్డు పల్లెల రైతులకు, అక్కచెల్లెళ్లకు, గ్రామసభ పెద్దలకు విన్నపం.

ఒక్కసారి వాగులో దిగి, నీళ్లు గలగల పారేచోట ఓ రాయి తిప్పి చూడండి. పలచటి ఒంటితో, వెనక సన్నటి తోకలతో రాయిని కరుచుకుని ఓ పురుగు ఉంటుంది. అది మేఫ్లై పిల్ల. నెలల తరబడి నీళ్లలో పెరిగి, రెక్కలొచ్చాక ఒకటి రెండు రోజులే బతుకుతుంది. పక్కనే ఇసుక రేణువులు అతికించి గూడు కట్టుకున్నది ఇంకొకటి. గట్టున ఉన్న మద్ది ఆకులు రాలి పేరుకున్నచోట వాటిని కొరికి తినేవి మరికొన్ని. మడుగులో గడ్డి వేళ్ల నడుమ తూనీగ పిల్లలు, అడుగు బురదలో ఎర్రటి సన్న పురుగులు.

నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే మేఫ్లై పిల్ల బతకదు. ఎర్ర పురుగు ఒంట్లో మనకున్నట్టే హిమోగ్లోబిన్ ఉంది, అందుకే అది ఊపిరాడని బురదలోనూ నెట్టుకొస్తుంది. రాళ్ల కింద ఏమీ లేక, ఎర్ర పురుగులే మిగిలాయంటే ఆ నీళ్లు చెడినట్టే.

మిర్చికి, పత్తికి మందు కొట్టి పంపు తెచ్చి వాగులోనే కడుగుతున్నాం. చేపల కోసం మడుగులో మందు కలిపేవాళ్లూ ఉన్నారు. సైపర్‌మెత్రిన్ లాంటి మందు ఒక్క గ్రాము పది లక్షల లీటర్లలో కలిసినా నీటి పురుగుల్ని చంపగలదు. వాటిని తిని పెరిగే చేపపిల్లలకు ఇక తిండేదీ?

మలేరియా బాధ తెలిసిన మన్యం మనది. తూనీగ పిల్ల తన కింది పెదవిని ఒక్కసారిగా చాచి దోమ పిల్లల్ని పట్టి తింటుంది. కానీ అది పెరగడానికి నెలలు కావాలి, దోమకు పది రోజులు చాలు. విషం పడిన మడుగుకు ముందు తిరిగొచ్చేది దోమే.

నీటి వనరుల్ని కాపాడే అధికారాన్ని 2006 అటవీ హక్కుల చట్టం, 5వ సెక్షన్ కింద, గ్రామసభకు ఇచ్చింది. మిర్చికి మందులు మొదలయ్యేలోపే తీర్మానం చేద్దాం. పంపును చేలోనే కడిగి, ఆ నీళ్లు ఆ చేనుకే కొట్టాలి. మందు కలపడానికి ఎలాగూ నీళ్లు మోస్తున్నాం, ఇంకో రెండు బిందెలు మోయలేమా? మడుగులో విషం కలపడం ఊరంతా మానాలి. గట్టు మద్దిచెట్లు నరకొద్దు.

వానలు తగ్గి నీళ్లు తేటపడ్డాక, పంతులుగారి వెంట బడిపిల్లల్ని పంపి రాళ్ల కింద, ఆకుల పోగులో, మడుగులో ఏయే పురుగులున్నాయో లెక్క రాయిద్దాం. ఆ లెక్కను గ్రామసభలో పిల్లలే చదవాలి.